అద్దం పట్టవే

"పెద్దనాయినా, గీ అక్షరాలు ఉల్టా ఉన్నయేంది?"

అంత మాటా అనేసి, తనేమన్నదో తనకే తెలియనట్టు ద్రౌపది చీపురు అందుకుని మూల ఊడవడం మొదలుపెట్టింది. కిటికీ మీంచి అప్పుడే లాగిన చద్దరు చేతిలో పట్టుకుని సిద్ధరాములు అలాగే నిలబడిపోయాడు. ఉల్టా ఏమిటి? నేత. నే, త. రెండే అక్షరాలు, ఒక్కొక్కటి జానెడు ఎత్తు, ఎర్రద్దంతో కోసినవి, చుట్టూ లేత పసుపు అద్దం, అంచుల్లో పత్తి పువ్వులు. చక్కగా చదవడానికి వస్తోంది కదా. ఈ పిల్ల, పిల్లేమిటి ముప్పై దాటాయి, బీడీలు చుట్టి చుట్టి వేళ్లు కాయలు కాచాయి, తమ్ముడి కూతురు కాబట్టి ఆయనకు పిల్ల, మొన్న దసరాకు యమునాబాయి దగ్గర అక్షరాలు మొదలుపెట్టి ఇంకా వత్తుల దాకా రాలేదు, అరవై నాలుగేళ్ల తనకు చదువు చెబుతోందా అనుకున్నాడు. అనుకున్నాడే గాని పిల్ల మాట కొట్టిపారేయలేకపోయాడు. అక్షరం తిన్నగా ఉందా తిరగబడి ఉందా అన్న ఒక్క విషయంలో ఆయన తన కళ్లను ఏనాడూ నమ్మలేదు. "సుద్దముక్కతోటి బండ మీద రాయి బిడ్డా" అన్నాడు. ద్రౌపది వంగి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, నేత అని రాసింది. ఆయన బండను చూశాడు, కిటికీని చూశాడు, మళ్లీ బండను చూశాడు. బండ మీద నే ముందుంది. కిటికీలో నే ఆ చివర, కుడిచేతి వైపు కూర్చుంది. త తన తోకను అవతలి పక్కకు తిప్పుకుని ఉంది. ఉల్టాయే.

అప్పుడే మిల్లు భోంగా కూసింది, ఏడు గంటలది. ఎనిమిదింటికి ఈ గది తెరవడానికి నేతగాళ్ల తరఫున అంబాదాస్ పెద్దమనుషులను వెంటబెట్టుకుని వస్తాడు, కొంతం చౌక్ నుంచి బ్యాండు మేళం కూడా వస్తుందట, జోడ్‌భావి పేటలో ఇంటింటా ఆ మాటే. ఏడాదిన్నర కింద మాటల లెక్కన రాష్ట్రాలు గీశారు, సోలాపూర్ తెలుగు గీతకు అవతలే ఉండిపోయింది, పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు కాగితం ఇస్తే తలకిందులుగా పట్టుకుంటారు. అందుకని నేతగాళ్లంతా కలిసి ఈ వాచనాలయం కట్టుకున్నారు. పొద్దున ఆడవాళ్లకు, సాయంత్రం మిల్లు విడిచిన మగవాళ్లకు అక్షరాలు. అక్షరాలు నేర్పే గదిలో, అందరి కళ్లూ మొదట పడే చోట, అక్షరాలే తిరగబడి ఉన్నాయి! నవ్వరూ? ఊరు ఊరంతా నవ్వుతుంది. నవ్వితే నవ్వారు, రేపటి నుంచి ఇక్కడ కూర్చునే ఆడవాళ్లు ఆ కిటికీని చూసి త అంటే ఇదేనని రాసుకుంటే? పైగా ఈ ద్రౌపదిని లేపి ఆ మాట చదివిస్తానని యమునాబాయి నలుగురికీ చెప్పి పెట్టింది. వారం రోజులుగా బీడీ ఆకు కత్తిరిస్తూ, కట్టలు కడుతూ, నే, త, నే, త అని గొణుక్కుంటోంది పాపం.

సంచిలోంచి సుత్తి తీసి ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. విప్పి తిప్పి బిగిద్దామంటే కుదరదు. పువ్వుల మీద రంగు పెట్టి భట్టీలో కాల్చిన మొహం లోపలికే ఉండాలి, బయటికి తిప్పితే రెండు వానలకు కొట్టుకుపోతుంది. అయినా నిన్న సాయంత్రం పెట్టిన పుట్టీ రాయిలా బిగిసింది, కదిపితే పసుపద్దం పగులుతుంది. రెండు అక్షరాలూ కొట్టేసి అక్కడ తెల్లద్దం బిగించడమే మిగిలింది. గంట చాలదు, చద్దరు మళ్లీ కప్పి, పని కాలేదు, వారం ఆగండి అనొచ్చు. కాని ఆ ఎర్రద్దం? అలాంటిది ఇప్పుడు బొంబాయిలో కూడా దొరకదు. పదేళ్లు ట్రంకు పెట్టెలో, పాత ధోవతి మడతల మధ్య, నిద్రపోయిన ముక్క అది. ఇంకోటి లేదు. ఇంకో కిటికీ కూడా లేదనే చెప్పాలి, కుడి కన్నుకు కోత అయి సోడాబుడ్డి అద్దాలొచ్చాయి, ఎడమ కంట్లో మంచు కమ్మింది, ఈ చేతులతో ఇదే ఆఖరని ఆయనకు ఎప్పుడో తెలుసు. అద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు.

అద్దం పట్టవే! నాన్న బాలయ్య గొంతు అది, మగ్గం మీంచి. అరవై ఏళ్ల నాటి పిలుపు ఈ సున్నం వాసన గదిలో ఎలా వినిపించిందో. నాన్నది పువ్వుల అంచు పని. పువ్వు మొహం కిందికి ఉండేలా నేసేవాడు, అలా అయితే ఎత్తాల్సిన పోగులు తక్కువ. నేసేవాడి కంటికి కనిపించేది వెనుక వైపే, అసలు మొహం కింద మగ్గం గుంతలోకి చూస్తూ ఉంటుంది. జానెడు నేశాక తప్పు పడిందేమోనని అనుమానం వస్తే పని ఆపి, అద్దం పట్టవే అని కేకేసేవాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి, అరచేతి అద్దాన్ని బట్ట కింద పట్టుకునేది. పిండి చేయైనా, తడి చేయైనా, కడుపుతో ఉన్నా, మగ్గం గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుని అద్దం పట్టేది. అప్పుడు కనబడేది పువ్వు అసలు మొహంతో. "సీదా ఉందా?" అనేవాడు నాన్న. "సీదా ఉంది" అనేది అమ్మ. ఆమె తలూపితే గాని చెయ్యి కదిలేది కాదు. పెళ్లి చీరలకు కొంగు మీద పెళ్లికూతురి పేరు నేయమని అడిగేవాళ్లు కొందరు. నాన్నకు చదువు రాదు, ఎవరితోనో కాగితం మీద రాయించుకుని, పోగులు లెక్కపెట్టి, అక్షరాన్ని బొమ్మలా దించేవాడు, వెనుక నుంచి. మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతూ సిద్ధరాములు నేర్చుకున్న అక్షరాలు అవే. ల, క్ష్మి, రు, క్కు. అన్నీ వెనుక నుంచి. బడికి పోయిన మొదటి రోజు పలక మీద అ రాసి చూపిస్తే పంతులు చెవి మెలిపెట్టాడు, రెండో రోజు బెత్తం, మూడో రోజు నుంచి బడి మానేశాడు. బడి మానేశాడు గాని అక్షరాలు మానలేదు, ఎటువైపు నుంచి చూసినా చదివేవాడు. ఆయనకు రెండూ ఒకటే. అది గొప్పే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

బొంబాయి పోయింది పదిహేడో ఏట. మజ్‌గావ్‌లో హెన్రీ దొర రంగద్దాల కార్ఖానాలో నేల ఊడవడానికి చేరి, పగిలిన ముక్కలు రంగుల వారీగా ఏరి పెట్టడం చూసి దొర పిలిచి కూర్చోబెట్టాడు. పోగుల మధ్య పెరిగిన వాడికి నీలం పక్కన ఏది నిలుస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. వజ్రపు కొస కలంతో అద్దం కోయడం, సీసం పట్టీలో కూర్చడం, టంకం పెట్టడం ఆరు నెలల్లో వచ్చాయి. నాలుగేళ్లకు నక్షాలు గీయడం వచ్చింది. ఇంటికి జాబు రాయించాడు, నేను అద్దాల కార్ఖానాలో పని చేస్తున్నానని. అమ్మకు అద్దం అంటే మొహం చూసుకునేదే. నల్లా దగ్గర అందరికీ చెప్పేసింది, నా కొడుకు బొంబాయిల అద్దాలు చేస్తడు అని. దసరాకు ఊరొస్తే వాకిట్లో ఏడుగురు ఆడవాళ్లు, తలా ఒక అద్దం అడుగుతూ! కాదు, నేను చేసేది వేరే అద్దం అని చెప్పబోయి, అమ్మ మొహం చూసి నోరు మూసుకుని, బజారుకు పోయి ఏడు అద్దాలు కొనుక్కొచ్చాడు. ఆ తరువాత ప్రతి దసరాకూ అంతే. ఒకసారి మాత్రం అమ్మే అడిగింది. "నువ్వు చేసిన దాంట్ల మొహం కనబడదార?" "కనబడదమ్మా. ఎండ పడితే రంగులు కనబడ్తయి." "మొహం కనబడని అద్దం ఎందుకురా పాడుగాను" అని నవ్వింది. ఒకటి తెచ్చి చూపిస్తానన్నాడు. తేలేదు. అద్దం రైల్లో పగులుతుందని, వచ్చే ఏడు వచ్చే ఏడు అని, ఒక ఏడు ఆమే లేకుండా పోయింది.

చూపించడానికి తను మాత్రం చూశాడా? ముప్పై ఆరేళ్లు. పూనాలో చర్చి, రైలు స్టేషను పెద్ద తలుపు మీది నెమలి, పార్సీ షేటు ఇంటి మెట్ల కిటికీ, ఎవరో రాజావారి దర్బారు. అన్నీ బల్ల మీదే చూశాడు, వెల్లకిలా పడుకోబెట్టి ఉండగా. గడ్డిలో చుట్టి పెట్టెలకెక్కించి పంపితే వేరేవాళ్లు పోయి బిగించేవాళ్లు. రాతలన్నీ దొరే రాసేవాడు, ఇంగ్లీషువి, మూలన కంపెనీ పేరు కూడా ఆయన చేతిదే, అక్షరాల జోలికి సిద్ధరాములును రానిచ్చేవాడు కాదు. ఒకసారి పనిగట్టుకుని పూనా పోయాడు. చర్చి బయట నిలబడి చూస్తే తన నీలాలూ తన ఎరుపులూ అన్నీ నల్లగా, మసిబట్టిన పెనంలా ఉన్నాయి. రంగద్దం వెలుతురు వెనకుంటేనే పలుకుతుంది, లోపలికి పోవాలి. కాపలావాడు పంచె చూసి, చెప్పులు చూసి, పనేంటి అన్నాడు. కిటికీ నేనే చేశానన్నాడు సిద్ధరాములు. కాపలావాడు నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. నలభై నాలుగులో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ఎన్ని కిటికీలు ఒక్క దెబ్బకు రాలిపోయాయో, వాటిలో తనవెన్నో. మూడు రోజులు వీధులు ఊడ్చారు, అద్దం పెంకులు బళ్ల మీద పోసి తీసుకెళ్లారు. ఒక బండిలో నెమలి మెడ ముక్క మెరిసింది, లేక మెరిసినట్టు అనిపించిందో. తరువాత దొర ఓడెక్కే రోజున పిలిచి, కాగితంలో చుట్టి ఈ ఎర్రముక్క చేతిలో పెట్టాడు. ఇందులో బంగారం కరిగించి పోస్తారు, నీకోసం వాడుకో అన్నాడు. నీకోసం అన్న మాటకు అర్థమేమిటో పదేళ్లు ఆలోచించాడు సిద్ధరాములు. తనకోసం తనకు ఏ కిటికీ కావాలి?

సోలాపూర్ వచ్చి చద్దర్లకు నక్షాలు గీసుకుంటూ బతికాడు. అదీ తక్కువ పనేం కాదు, పేటలో ఏ ఇంటికి పోయినా ఆరబెట్టిన తాడు మీద తన పువ్వు కనబడుతుంది, తన తీగ కప్పుకుని పసివాళ్లు నిద్రపోతారు. సోలాపూర్ చద్దరుకు రెండు మొహాలు, ఇటు ఎరుపు మీద తెలుపైతే అటు తెలుపు మీద ఎరుపు, ఎటు కప్పుకున్నా తప్పు లేదు. అద్దం అలా కాదే! అంబాదాస్ వచ్చి కాకా, వాచనాలయానికి ఒక కిటికీ చేసియ్యి, మన మాట ఒక్కటి అందుల ఉండాలె అన్నప్పుడు ట్రంకు పెట్టె తెరిచాడు. ముప్పై ఆరేళ్ల పనిలో మొదటిసారి అక్షరం గీయాల్సి వచ్చింది. బొగ్గు పట్టుకుంటే చెయ్యి తనంతట తానే కదిలింది, నున్నగా, ఎక్కడా ఆగకుండా. ఎంత బాగా వచ్చిందని మురిసిపోయాడు. చెయ్యి పోయింది బొంబాయికి కాదు, నాన్న మగ్గానికి. ఆ చెయ్యికి తెలిసిన అక్షరం అదే మరి. పని నడుస్తున్న నాలుగు నెలలూ ఆ పసుపు మధ్య ఎరుపును చూసి చూసి తృప్తిపడ్డాడు, ఒక్కరినైనా, ఒక్కసారైనా, సీదా ఉందా అని అడగలేదు. అడగడానికి ఎవరున్నారు! నాన్నకున్న పాటి మనిషి తనకు లేదు. ఆ మాట అనుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి, కోత కోసిన కన్ను మండింది.

లేచాడు. సుత్తి పట్టుకుని కిటికీ దగ్గరకు పోయి త తోక మీద వేలుపెట్టి చూశాడు. చల్లగా ఉంది. బయట ఎదురింటి కప్పు, దాని వెనుక మిల్లు షెడ్డు, ఆకాశం ఇంకా బూడిదగానే ఉంది. ముందు నే కొట్టాలా, త కొట్టాలా?

"ఏం చేస్తున్నవ్ పెద్దనాయినా?"

"కొట్టేస్త బిడ్డా. తప్పు రాసిన."

"నేను చెప్పకపోతే అయిపోతుండె" అంది ద్రౌపది, చీపురు జారవిడిచి. ఏడుపు మొహం పెట్టింది. "నాకే సరిగ్గ రాదేమో. యమునాబాయిని అడిగి రానా? నాకు వత్తులు గూడ రావు, ఉగాది తర్వాత అన్నది. నా మాట పట్టుకోని కొట్టకు."

"నీ మాట సీదానే ఉంది. నా చెయ్యే ఉల్టా."

సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది, బెదిరి కాదు, మణికట్టు మీద ఎర్రగా ఏదో పాకుతోంది. నెత్తురా? అద్దం గీసుకుందా? చెయ్యి తిప్పితే ఎరుపు చేతి మీంచి జారి చొక్కా మీద పడింది, పక్కన పసుపు. మిల్లు షెడ్డు కప్పు మీదకు పొద్దు ఎక్కింది. కిటికీ ఒక్కసారిగా మండినట్టయి ఆయన కళ్లు చెదిరి వెనక్కి తగ్గాడు. బల్ల తగిలింది, పట్టుకున్నాడు. ముప్పై ఆరేళ్ల పనిలో, తన అద్దం మీద పొద్దు పొడవడం గది లోపల నిలబడి చూడటం ఇదే మొదటిసారని ఆయనకు అప్పుడు తట్టింది. ఎరుపు ఇంత ఎరుపా! దొర అన్న బంగారం ఇదేనా? సుత్తి బల్ల మీద పెట్టేశాడు, పెట్టినట్టు ఆయనకు తెలియదు.

"పెద్దనాయినా." ద్రౌపది గొంతు మారింది. ఆమె కిటికీని చూడటం లేదు. కిటికీకి వీపు పెట్టి, ఎదుటి గోడను చూస్తోంది. మొన్ననే సున్నం కొట్టిన పడమటి గోడ, రేపు నల్లబల్ల తగిలించేది అక్కడే, చదువుకునేవాళ్లు మొహం పెట్టి కూర్చునేది అటే. సిద్ధరాములు తిరిగాడు. ఆయన కంటికి గోడ మీద ఎర్రటి మరక, చుట్టూ పసుపు, కొంచెం కుడిపక్కకు జరిగి, అంచులు అలుక్కున్నట్టు. అంతే కనబడింది.

"నే" అంది ద్రౌపది. వేలు చూపించింది, ఎడమ పక్క. తరువాత కుడిపక్క. "త. నేత."

ఆయన గోడ వైపు ఒక అడుగు వేశాడు. "సీదా ఉందా బిడ్డా?"

"సీదా ఉంది."

మళ్లీ అడిగాడు. ఆమె బండ మీద తను రాసిన సుద్ద అక్షరాల దగ్గరకు పోయి, వంగి చూసి, గోడను చూసి, వేలితో గాలిలో దిద్ది, తలూపింది. "సీదానే ఉంది పెద్దనాయినా. నేను రాసినట్టే ఉంది." కిటికీ వైపు చూస్తే కుడి పక్కనున్న నే, వెనక్కి తిరిగితే ఎడమ పక్కకు వచ్చి కూర్చుంది. నాన్న మగ్గం కింద ఎంతసేపూ ఇదే కదా జరిగింది. పిండి చేతుల్లో పట్టుకున్న అరచేతి అద్దంలో వెనక్కి తిరిగిన పువ్వు అసలు మొహం చూపేది. అమ్మ అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్లకు జవాబు దొరికింది. మొహం కనబడని అద్దం ఎందుకంటే ఇందుకేనమ్మా అనుకున్నాడు. గట్టిగా నవ్వాడు, ఏడ్చాడు కూడా, ఏది ముందో తెలియలేదు.

"జరుగుతున్నయే!" అని ద్రౌపది కేక. పొద్దు ఎక్కేకొద్దీ అక్షరాలు గోడ దిగుతున్నాయి. ఎనిమిదింటికి అతిథులు వచ్చేసరికి ఎక్కడుంటాయో, మబ్బు పట్టిన రోజు ఉంటాయో ఉండవో. ఆమె బయట పొయ్యిలోంచి బొగ్గు ముక్క పట్టుకొచ్చి, కొత్త సున్నం గోడ మీద, ఎరుపు అంచు వెంట గీయడం మొదలుపెట్టింది. నే పూర్తయ్యేసరికి త నాలుగు వేళ్ల కిందికి దిగింది. ఆగి చూసుకోలేదు, దిగినచోటే గీసింది. ఆమె వీపు మీద, జడ మీద ఎర్రటి వెలుగు. ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో, అయినా రెండూ అక్షరాలే.

అంబాదాస్ పావుగంట ముందే వచ్చాడు, చేతిలో పూలదండ. గడపలోనే అరిచాడు. "ఏయ్, ఏంది గిది, కొత్త గోడకు బొగ్గు? దిమాక్ ఖరాబ్ అయిందా?" అని, గోడ మీద బొగ్గు గీతల కింద వెలుగుతున్న రెండు అక్షరాలు చూసి, కిటికీ చూసి, మళ్లీ గోడ చూసి, దండతోనే లోపలికి వచ్చాడు. "కాకా" అన్నాడు, "అందరు అద్దంల రాస్తరు, నువ్వు గోడ మీద రాసినవ్. గిదంత ముందే సోంచాయించి పెట్టుకున్నవా?"

అవుననవచ్చు. ఊరు చెప్పుకుంటుంది. ముప్పై ఆరేళ్లు మూలమూలనా ఇంకొకరి పేరు మోసిన వాడికి ఆ ఒక్క అవును ఎంత తీయగా ఉంటుందో సిద్ధరాములుకు తెలుసు, నోటి దాకా వచ్చింది కూడా. కాని ద్రౌపది ఆయన్నే చూస్తోంది.

"లేదు అంబాదాసూ. నేను ఉల్టానే రాసిన. మా అమ్మ అద్దం పట్టింది."

అంబాదాస్‌కు అర్థం కాలేదు. వీధి చివర మేళం వినబడితే దండ అక్కడే పెట్టి ఎదురుపోయాడు. ద్రౌపది కొంగుతో చేతులు తుడుచుకుని, మళ్లీ బొగ్గు తీసి ఆయనకు అందించింది. "గా మూలకు నీ పేరు రాయి పెద్దనాయినా."

"నువ్వు రాయి బిడ్డా. నేను రాస్తే ఉల్టా వస్తది."

"నీ పేర్ల వత్తు ఉంది గదా, నాకు వత్తులు రావు."

ఆయన ఆ మూలను చూశాడు. కంపెనీ పేరు ఎప్పుడూ ఉండే చోటు, కింద, కుడిచేతి వైపు.

"వత్తు లేకున్నా అది నేనే. రాయి."